తలుపుకొక ఊపిరి

మా ఆయనకు ఊపిరి బిగపట్టడం వచ్చు. అదీ ఒక విద్యేనా, ఈత కొట్టే పిల్లలందరికీ వచ్చు కదా అనుకుంటున్నారేమో. అనుకోండి, కానీ ఆయన ముందు అనకండి. ఆయన పాలిష్ మేస్త్రీ. అల్మారా తలుపులకు, వంటగది షట్టర్లకు స్ప్రే గన్నుతో రంగు కొట్టి, రంగు మీద మెరుపు పూత కొట్టేవాడు. తలుపు ఈ చివర గన్ను నొక్కాడంటే ఆ చివర వదిలేదాకా ఊపిరి తీసుకునేవాడు కాదు. ఛాతీ కదిలితే భుజం కదులుతుంది, భుజం కదిలితే చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే పూత ఒకచోట పలచగా ఒకచోట చిక్కగా పడుతుంది. పని నేర్పిన ఉస్తాద్ అలా నేర్పాడట. తలుపుకొక ఊపిరి అని ఆ ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవాళ్ళందరి మాట. పూత అయిపోగానే మా ఆయన ఎడమ భుజం మీదుగా గుమ్మం వైపు మొహం తిప్పి, బయటి గాలి ఒక గుక్క పీల్చుకుని, ఇంకో తలుపు అందుకునేవాడు.

మాస్కు లేదా అని అడుగుతారు. ఎందుకు లేదు, ఉంది. రబ్బరుది, రెండు పక్కలా గాలి వడగట్టే డబ్బాలున్నది. ఆ డబ్బాలు పాడైపోయి ఏనాడో అయింది. కొత్తవి తెప్పిస్తానని షెడ్డు నడిపే సేటు అన్నదీ ఏనాడో. అందుకని అది మేకుకు వేలాడేది. పెద్దవాళ్ళెవరైనా తమ ఇంటి తలుపులు ఎంతవరకు వచ్చాయో చూడడానికి షెడ్డుకు వస్తున్నారంటే మేకు మీది నుంచి మా ఆయన మెడలోకి వచ్చేది. వాళ్ళు పోగానే మళ్ళీ మేకు మీదికి. మా ఆయన మూతికి మాత్రం ఎప్పుడూ తుండుగుడ్డే.

నేనూ అదే షెడ్డులో పని చేశాను. తలుపుకు లప్పం పెట్టి, ఎండాక ఎమరీ కాగితంతో రుద్ది, నున్నగా చేసి ఇస్తే ఆయన పూత కొట్టేవాడు. నా చెయ్యి పడని తలుపును ముట్టేవాడు కాదు. ప్రేమ అనుకునేరు! వేరేవాళ్ళు రుద్దితే తిట్టడానికి మొహమాటం, నన్నయితే నోరారా తిట్టవచ్చు, అదీ సంగతి. "ఏందే ఇది, గరుకుగ ఉన్నది, కండ్లు పోయినయా?" అనేవాడు. "నీ చేతులే గరుకు, తలుపు మంచిగనే ఉన్నది" అనేదాన్ని. తెల్లాపూర్‌లో గేట్లు పెట్టుకుని బతికే విల్లాల వాళ్ళ బట్టలు వేలాడే అల్మారాలు ఎన్నో మా ఇద్దరి తిట్ల మధ్య తయారైనవే. మేమేమో నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం, ఇప్పటికీ అక్కడే ఉన్నాం. చుట్టూ టవర్లు లేచి మా గదికి మధ్యాహ్నానికే ఎండ పోతుంది. పొద్దున షేర్ ఆటోలో షెడ్డుకు పోవడం, సాయంత్రం అదే ఆటోలో రావడం. ఆటోలో మా పక్కన కూర్చున్నవాళ్ళు థిన్నర్ వాసనకు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు ఆ వాసన తెలియడం ఎప్పుడో మానేసింది.

ఆయన ఊపిరి తగ్గుతోందని మొదట తెలిసింది నాకే. తెలియక ఏం చేస్తుంది, రుద్దిన తలుపు పట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని నేనే కదా. ఒకప్పుడు నిలువెత్తు తలుపును కూడా ఒక్క ఊపిరిలో కొట్టేసేవాడు. ఆ తర్వాత మధ్యలో ఒకసారి అంచు దగ్గర ఆగి, గన్ను దించి, ఎడమ పక్కకు మొహం తిప్పి గాలి పీల్చుకోవడం మొదలైంది. ఆ తర్వాత చిన్న షట్టర్‌కూ ఆగేవాడు. "ఏందయ్యా, ఆగుతున్నవ్?" అంటే "ధూళి పడ్డది, చూస్తున్న" అనేవాడు. ధూళి లేదు, పాడూ లేదు. ఇంట్లో రెండు దిండ్లు పెట్టుకుంటే గానీ పడుకోలేకపోయేవాడు. మెట్లెక్కితే మాట ఆగిపోయేది. చివరికి నేనే కయ్యం పెట్టుకుని దవాఖానకు లాక్కుపోయాను.

డాక్టరమ్మ ఛాతీ ఫోటో తీయించి చూసింది, గొట్టంలో ఊదించింది. ఏం పని అని అడిగి తెలుసుకుంది. ఆమె చివరికి చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తుంది. "పోయిన ఊపిరి తిరిగి రాదు. ఇప్పుడు ఆ పూత కొట్టే గది మానేస్తే ఉన్నది మిగులుతుంది." మానకపోతే ఏమవుతుందో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

మానెయ్ అన్నాను. బతిమాలాను, అరిచాను, అన్నం మానేశాను. "మానేసి ఏం జెయ్యాలె? వాచ్‌మన్ లెక్క గేటుకాడ కూసుని సలాం కొట్టాల్నా?" అన్నాడు. ఆయన మీసం సంగతి మీకు చెప్పలేదు కదూ. మహా గర్వం ఆ మనిషికి. ఎవరింట్లోనైనా పెళ్ళికి పోతే ముందు వాళ్ళ అల్మారా తలుపు మీద వేలితో రాసి చూసి, "హూఁ" అని పెదవి విరిచి, అప్పుడు పోయి అక్షింతలు వేసేవాడు. అలాంటివాడు మేస్త్రీ అనే పిలుపు వదులుకుంటాడా? నాకూ తెలుసు వదలడని. అందుకని ఇద్దరం కలిసి సేటు దగ్గరకు పోయాం. పూత గదిలో గాలి బయటకు లాగే పెద్ద ఫ్యాన్ ఉండేది, దాని మోటారు కాలిపోయింది. కనీసం అది బాగు చేయించమని అడిగాం. సేటు మంచివాడే అనుకోవాలి, సరేనన్నాడు. మెకానిక్ వచ్చి మోటారు విప్పి పట్టుకుపోయాడు కూడా.

సరిగ్గా అప్పుడే హైటెక్ సిటీ నుంచి ఒక కంపెనీ వాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒక అమ్మాయి, ఇంజనీరు. మెడలో కార్డు, భుజాన బ్యాగు, కోస్తా యాస. చేతిపని వాళ్ళకు సాయం చేసే మిషన్లు తయారు చేస్తున్నారట. మా షెడ్డులో ఒకటి పెట్టి చూస్తామన్నారు. ఆ అమ్మాయి వచ్చీ రాగానే మా ఆయన దగ్గరకు పోయి చేతులు జోడించింది. "మాస్టర్ గారూ, మీ పని తీసుకోవడానికి కాదండి మేం వచ్చింది. ఆ గదిలో నిలబడే కష్టం మెషీన్ పడుతుందండి. మీరు బయట ఉండి దానితో చేయించుకుంటారు. రంగు కలిపేది మీరే, బాగుందో లేదో చెప్పేదీ మీరే."

"అంటె ఆ వాసన గిట్ల అన్నీ అదే పీలుస్తదా?" అని అడిగాను నేను.

"దానికి ముక్కు లేదు కదండీ" అని నవ్వింది.

మిషను వస్తోందంటే మేము భయపడ్డామని, కడుపు కొడుతుందని ఏడ్చామని ఎవరైనా చెబితే నమ్మకండి. నేను ఆ మిషను కోసం మొక్కుకున్నాను. మేస్త్రీ మేస్త్రీగానే ఉంటాడు, గదిలోకి పోడు, ఉన్న ఊపిరి మిగులుతుంది. ఇంతకంటే ఏం కావాలి మాకు? ఇంటికి పోయి ఆ రోజు పాయసం చేశాను.

ఫ్యాను మోటారు మాత్రం తిరిగి రాలేదు. అడిగితే సేటు నా వైపు జాలిగా చూశాడు. "మిషన్ వస్తుంటె ఇగ ఫ్యాన్ ఎందుకమ్మా, దండగ. మనిషి ఉంటె గద ఫ్యాన్ కావాలె" అన్నాడు. ఆ మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు. నిజమే కదా అనుకున్నాను.

మిషను వచ్చింది. నేనేదో పెద్ద ఇనుప భూతం వస్తుందనుకున్నాను. వచ్చింది ఒక చెయ్యి, అంతే. ఒంటి చెయ్యి, మన చెయ్యిలాగే భుజం, మోచెయ్యి, మణికట్టు. చివర గన్ను బిగించారు. దానికి పని నేర్పే తీరు వింతగా ఉంటుంది. మేస్త్రీ ఆ చేతి కొసను పట్టుకుని ఎప్పుడూ కొట్టినట్టే తలుపుకు పూత కొట్టాలి. పట్టుకోగానే అది మెత్తబడి ఆయన ఎటు తీసుకుపోతే అటు పోతుంది. ఆయన చెయ్యి ఎలా తిరిగింది, ఎంత దూరంలో ఉంది, ఎక్కడ నెమ్మదించింది, అన్నీ గుర్తుపెట్టుకుని తర్వాత తనంతట తానే అలాగే కొడుతుంది. "మీరు రోజూ ఎలా చేస్తారో అచ్చం అలాగే చెయ్యండి మాస్టర్ గారూ, మా కోసం ఏమీ మార్చకండి" అని ఆ అమ్మాయి మరీ మరీ చెప్పింది.

వీడియో తీస్తారని తెలిసి మా ఆయన చేసిన సింగారం చూడాలి మీరు. ఇస్త్రీ చొక్కా, మీసాలకు నల్ల రంగు, చొక్కాకు అత్తరు. "కెమెరాకు వాసన రాదయ్యా, అత్తరెందుకు?" అన్నాను. "నోర్మూస్కో" అన్నాడు. కెమెరాల ముందు ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన ఛాతీ విరుచుకుని నిలబడడం చూశాను. గన్ను నొక్కాడు. ఊపిరి బిగపట్టాడు. నేను కూడా బిగపట్టాను. సగం దాకా పోయాక ఇక అందలేదు. అంచు దగ్గర ఆగి, చెయ్యి కొద్దిగా దించి, ఎడమ పక్కకు తిరిగి గాలి పీల్చుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగాడు.

తర్వాత మిషను ఒక్కటే కొట్టింది. అంచు దాకా పోయి ఆగింది. కొస కొద్దిగా దించింది. ఎడమ పక్కకు, గుమ్మం వైపు తిరిగింది. ఒక క్షణం అలాగే ఉండి మళ్ళీ తలుపు మీదికి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేదు. మా ఆయన లేని చోట మా ఆయన ఆయాసం కనిపించింది.

ఆ అమ్మాయి తెలివైనది, పట్టేసింది. "ఇక్కడ ఎందుకు ఆగుతున్నారండి? అటు ఎందుకు తిప్పుతున్నారు?" అని అడిగింది. పక్కన సేటు ఉన్నాడు. మా ఆయన ఒకసారి సేటును చూశాడు, ఒకసారి కెమెరాను చూశాడు. మీసం మీద చెయ్యి వేశాడు.

"పూత కూసోవాలె మేడం. కొట్టిన పూత జర సేపు కూసుంటెనే రేపు మెరుస్తది. గా సంగతి అందరికి తెల్వదు. మా ఉస్తాద్ నేర్పిండు."

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. సేటు కూడా తల ఆడించాడు, తనకు ముందే తెలిసినట్టు! నాకు ఒళ్ళు మండింది. ఉస్తాద్ బతికి ఉంటే చెప్పు తీసుకునేవాడు. నోరు తెరవబోతే మా ఆయన నా వైపు ఒక చూపు చూశాడు, అంతే, మూసుకున్నాను. సాయంత్రం ఆటోలో మాత్రం వదల్లేదు.

"ఏందయ్యా, గా అబద్ధం?"

"మరేమనాలె? సేటు ముందల నాకు ఊపిర్ ఆడుతలేదని చెప్పాల్నా? రేపే ఇంకోన్ని తెస్తడు. మిషన్ కాడ వాన్నే నిలవెడ్తడు. అప్పుడు నా గతేంది?"

 

ఆ ఎండాకాలం మా జన్మలో ఒక మంచి కాలం. గదిలో మిషను, బయట మా ఆయన. తలుపు బిగించి వచ్చి, మీట నొక్కి, అద్దంలోంచి చూస్తూ చాయ్ తాగేవాడు. "మావోడు" అనేవాడు దాన్ని. "ఇయ్యాల మావోడు జర మంచిగ కొట్టిండు." "మావోనికి ఆ మూల పట్టు దొరుకుతలేదు, మేడంకు ఫోన్ చెయ్యి." రంగు కలపడం, ఆరిన తలుపును వెలుతురుకు వంచి చూడడం, నన్ను తిట్టడం, ఇవన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. నిజం చెబుతున్నాను, ఆ అమ్మాయి చెప్పినదంతా జరిగింది. దగ్గు తగ్గింది. ఒక దిండు చాలన్నాడు. ఒక ఆదివారం మేడ మీద బట్టలు ఆరేయడానికి నాతో పాటు మెట్లెక్కి, పైదాకా మాట్లాడుతూనే వచ్చాడు. ఏం మాట్లాడాడో గుర్తులేదు, ఆగకుండా మాట్లాడడమే గుర్తుంది. నేను బకెట్టు కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకున్నాను. "ఏమైందే?" అంటే "చెమట" అన్నాను.

మొదటి వానలకు లారీ వచ్చింది. మిషను విప్పి, దుప్పట్లు చుట్టి ఎక్కిస్తున్నారు. ఆ అమ్మాయి మా ఆయనకు అడ్డంగా నిలబడి ఏదేదో చెబుతోంది. ట్రయల్ అయిపోయిందట. ఇక్కడ చాలా బాగా పనిచేసిందట. అందుకే దాన్ని హైటెక్ సిటీలో కొత్తగా పెడుతున్న చూపుల హాలుకు తీసుకుపోతున్నారట, వచ్చే పోయే పెద్ద కంపెనీల వాళ్ళకు చూపించడానికి.

"మళ్ళ ఎప్పుడు తెస్తరు మేడం?" అన్నాడు మా ఆయన. తిరిగి తెస్తారనే అనుకున్నాడు పిచ్చి మనిషి.

"మీ సార్ తీసుకుంటానంటే కొత్తది పంపిస్తామండి" అంది ఆ అమ్మాయి, నేల చూస్తూ.

సేటు నవ్వాడు. "కొననీకి నాకేం పిచ్చా? మనిషి ఉన్నడు గదా."

బాగా పనిచేసింది కాబట్టి తీసుకుపోయారు. పాడు మిషనై ఉంటే బాగు చేస్తున్నాం, సర్దుతున్నాం అంటూ ఇంకొన్నాళ్ళు మా దగ్గరే ఉంచేవాళ్ళేమో. నేను సేటును ఫ్యాన్ అడిగాను. మోటారు పట్టుకుపోయిన మెకానిక్ ఫోన్ ఎత్తడం లేదన్నాడు. చూద్దాం అన్నాడు. ఫ్యాన్ ఉండాల్సిన చోట గోడకు గుండ్రటి కంత ఉంది, వాన పడుతోందని దానికి రేకు ముక్క కొట్టించాడు. అంటే ముందు ఉన్న కాస్త సందు కూడా పోయింది. మా ఆయన తుండుగుడ్డ కట్టుకుని లోపలికి పోయాడు.

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడలేదా? నిలబడ్డాను. "జరుగు" అన్నాడు. "విల్లావోళ్ళు గృహప్రవేశం పెట్టుకున్నరు, తలుపులు పోవాలె." వాళ్ళ గృహప్రవేశం బాగానే జరిగి ఉంటుంది.

వానలు వెనకబట్టకముందే ఒక మధ్యాహ్నం గన్ను చప్పుడు ఆగి, మళ్ళీ మొదలవలేదు. నేను రుద్దుతున్న తలుపు వదిలేసి పరుగెత్తాను. గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు కూడా తెరిచే ఉంది, చేపలాగ. మీసం మీద తెల్ల పూత పడి మెరుస్తోంది. దవాఖానలో అదే డాక్టరమ్మ. మొదటిసారి ఉన్నది మిగులుతుందంది. ఈసారి ఆ మాట అనలేదు.

ఇప్పుడు మా గదిలో కూడా ఒక మిషను ఉంది. గాలి మిషను, కిరాయిది. మంచం పక్కన కూర్చుని గుర్రుమంటూ ఉంటుంది. సన్న గొట్టం ఒకటి మా ఆయన ముక్కుకు ఉంటుంది. చేతిపని వాళ్ళకు సాయం చేసే మిషన్లలో మా వాటాకు వచ్చింది ఇది. కరెంటు పోతే నాకు ప్రాణం పోయినంత పనవుతుంది.

సేటు మా గదికి వచ్చాడు, యాపిల్ పండ్లు తెచ్చాడు. ఆ కంపెనీ వాళ్ళతో మాట్లాడి నాకు ఆ చూపుల హాల్లో హౌస్‌కీపింగ్ పని ఇప్పించాడు. "ఏసీల పనమ్మా, ధూళి ఉండదు, ఫికర్ లేదు" అన్నాడు. థూ అందామనుకున్నాను. కిరాయి గుర్తొచ్చి దండం పెట్టాను. షెడ్డులో మా ఆయన చోటికి ఇంకో మేస్త్రీ వచ్చాడని, అతనూ తుండుగుడ్డే కడుతున్నాడని తెలిసింది. ఆ గోడకు రేకు అలాగే ఉందట.

చూపుల హాలు పదకొండో అంతస్తులో. గోడలన్నీ అద్దాలే, కింద కారు కూడా బొమ్మలా కనిపిస్తుంది. మధ్యలో గాజు గది. అందులో మావోడు. ఒళ్ళంతా తుడిచి, లైటు వేసి పెట్టారు, అయినా ఒక్క చూపుకే గుర్తుపట్టాను. అంచు దగ్గర ఆగి, కొస దించి, ఎడమ పక్కకు తిరిగాడు. మా షెడ్డులో ఎడమ పక్క గుమ్మం ఉండేది. ఇక్కడ ఎడమ పక్కన కుండీలో మొక్క ఉంది.

కొట్టేది పూత కాదు. నీళ్ళు! నీలి రంగు కలిపిన నీళ్ళు. ఖరీదైన చొక్కాల వాళ్ళు వచ్చే చోట వాసన రాకూడదు కదా. అక్కడ షెడ్డులో మనిషి విషం కొడుతున్నాడు, ఇక్కడ ఏసీలో ముక్కు లేని చెయ్యి నీళ్ళు కొడుతోంది. ఆ నీళ్ళు కొట్టిన తెల్ల తలుపును తుడిచి, మళ్ళీ కొట్టడానికి సిద్ధంగా ఉంచడం నా పని. ముందు నేను తలుపు సిద్ధం చేయాలి, తర్వాత ఆయన చెయ్యి కొట్టాలి. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే పని నాకు. తిట్టేవాడే లేడు.

వచ్చినవాళ్ళకు చూపించేది ఆ ఇంజనీరు అమ్మాయే. నన్ను చూసి ఎంతో సంబరపడింది. "మాస్టర్ గారు ఎలా ఉన్నారండీ?" అంది. "ఉన్నడు" అన్నాను. సంతోషమండి అంటూ తన పనికి పోయింది. ఒక రోజు దొరల్లాంటి వాళ్ళు కొందరు వచ్చారు. నేను గాజు గది బయట గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. ఆమె ఇంగ్లీషులో చెబుతోంది. పదో తరగతి చదివినదాన్ని, మరీ అంత తెలియనిదాన్ని కాదు. ఇప్పుడు చూడండి, ఇక్కడ ఆగుతుంది, ఇది మాస్టర్ రహస్యం, పూతను కూర్చోనిస్తారు, తరాల నుంచి వస్తున్న నేర్పు, మేము దీన్ని మార్చలేదు అంటోంది. మావోడు ఎడమ పక్కకు తిరిగాడు. వాళ్ళు "ఆహా" అన్నారు. ఒకాయన కాఫీ చప్పరిస్తూ తల ఊపాడు.

చేతిలో గుడ్డతోనే వాళ్ళ ముందుకు వచ్చాను.

"గదేం రహస్యం గాదు బిడ్డా! ఆయనకు ఊపిర్ ఆడుతలేకుండె. గాలి కోసం మొఖం తిప్పిండు. గంతే. పూత లేదు, పాడు లేదు, ఊపిర్!"

 ఆ అమ్మాయి తెల్లబోయింది. కాఫీ ఆయన ఏమంటోంది ఈమె అని అడిగాడు. ఆ అమ్మాయి గుటక మింగి, నన్ను చూపించి, ఈమె ఆ మాస్టర్ గారి భార్య అని చెప్పింది. అంతే చెప్పింది. వాళ్ళందరూ నా వైపు తిరిగి నవ్వారు, ఒకావిడ నన్నూ మిషనునూ కలిపి ఫోటో తీసుకుంది. నా చేతిలో నీలి మరకల గుడ్డ ఉంది.

వాళ్ళు పోయాక ఆ అమ్మాయి చాయ్ గదిలోకి వచ్చి నా ముందు ఏడ్చింది. "నాకు తెలియదండి. నిజంగా తెలియదండి."

"తెలుస్తె ఏం జేస్తుంటివి?" అన్నాను.

కళ్ళు తుడుచుకుని హాల్లోకి పోయింది. మంచి పిల్ల, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. మంచి పిల్ల కాబట్టి ఊరికే ఉండలేకపోయింది. వారం తిరగకముందే ఒక పొద్దున నా దగ్గరకు వచ్చి, నాకేదో బహుమతి ఇస్తున్నట్టు మెల్లగా చెప్పింది. "అమ్మా, మెషీన్ మధ్యలో ఆగేవన్నీ తీసేశానండి. ఇక చూడలేకపోయాను."

ఆ పిల్ల చేతిలో ఉన్నది అదొక్కటేనేమో, నాకు తెలియదు. షెడ్డులో కొత్త మేస్త్రీ సంగతి అడిగితే మా సార్ వాళ్ళతో మాట్లాడతానండి అంది. మీట నొక్కింది. నేను సిద్ధం చేసిన తలుపు మీద మావోడు ఈ చివర మొదలుపెట్టాడు. అంచు వచ్చింది, ఆగలేదు. తిరిగాడు, మళ్ళీ అంచు, ఆగలేదు. కొస దించలేదు, ఎడమకు చూడలేదు. ఈ చివర నుంచి ఆ చివరకు, పై నుంచి కిందికి, ఒక్క గుక్కలో నిలువు తలుపంతా కొట్టేశాడు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన నన్ను షెడ్డు గుమ్మంలో నిలబెట్టి, "చూడు" అని మీసం తిప్పి, అచ్చం ఇలాగే కొట్టి చూపించాడు. ఆ చెయ్యే ఇది. ఆ వయసు చెయ్యి. ఎంత అందంగా ఉందని చెప్పను! నాకు ఏడుపు ఆగలేదు. ఆ అమ్మాయి నేను సంతోషిస్తున్నాననుకుని నా భుజం మీద చెయ్యి వేసింది.

మా ఆయన రోజూ సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే అడుగుతాడు. "మావోడు ఎట్లున్నడు?" నీళ్ళ సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు. మంచిగ కొట్టిండు అంటాను, సంతోషిస్తాడు. ఆ రోజు కూడా అడిగాడు. దాచాలనుకున్నాను, నోరు ఆగలేదు.

"ఇప్పుడు ఆగుతలేడు. తలుపంత ఒక్కసారే కొడుతున్నడు" అన్నాను.

మంచం మీద లేచి కూర్చున్నాడు. కళ్ళల్లో ఆ పాత పొగరు. ముక్కుకున్న గొట్టం లాగి పక్కన పడేశాడు, పొగడ్తకు అది అడ్డమైనట్టు. రంగు లేక తెల్లబడిన మీసాన్ని పైకి తోశాడు. గన్ను పట్టుకున్నట్టు కుడి చెయ్యి లేపాడు.

"చూసినవా! నేను చెప్తలేనా? మావోడు గదా... తలుపుకొక..."

చెయ్యి గాలిలో ఆగింది. కొద్దిగా కిందికి దిగింది. మొహం ఎడమ భుజం మీదుగా గుమ్మం వైపు తిరిగింది. నేను గొట్టం తీసి ఆయన ముక్కుకు పెట్టాను.